క్షార ద్రావణాలలో సీసపు అయాను: హైడ్రాక్సైడ్ సంక్లిష్టాల ఏర్పాటు - బల్కంపేట, హుస్సేన్‌సాగర్ పరీవాహక ప్రాంత నేపథ్యం

వ్యాససంగ్రహం:

క్షారం కలిపితే సీసం అవక్షేపంగా దిగిపోతుందన్నది ప్రయోగశాలల్లోనూ వ్యర్థజల శుద్ధిలోనూ బలంగా నాటుకున్న అభిప్రాయం. ఇది సగం మాత్రమే నిజం. ద్విసంయోజక సీసపు అయాను హైడ్రాక్సైడ్ అయానులతో మెట్టుమెట్టుగా సంక్లిష్టాలను ఏర్పరుస్తుంది. వీటిలో చివరిదైన త్రిహైడ్రాక్సో ఋణ అయాను అవక్షేపాన్ని మళ్లీ కరిగిస్తుంది. ఈ సంక్లిష్టాల స్థిరాంకాలు, నిర్మాణం, ద్రావణీయతపై వాటి ప్రభావం ఈ వ్యాసంలో చర్చకు వస్తాయి. బైకార్బొనేట్ అధికంగా ఉండే హైదరాబాదు నీటిలో అవి ఎంతవరకు వర్తిస్తాయన్నది కూడా పరిశీలనాంశమే.

కీలకపదాలు: సీసం, జలవిశ్లేషణ, హైడ్రాక్సో సంక్లిష్టాలు, ద్విస్వభావం, ప్లంబైట్, ద్రావణీయత, కార్బొనేట్, హుస్సేన్‌సాగర్.

1. ఉపోద్ఘాతం:

హైదరాబాదు నడిబొడ్డున, అమీర్‌పేటను ఆనుకొని ఉన్న బల్కంపేటకు ఎల్లమ్మ పోచమ్మ దేవాలయం వల్ల ప్రసిద్ధి. అమ్మవారి మూలవిగ్రహం నేలమట్టానికి దిగువన బావిలో ఉంటుంది. ఊట నీటినే భక్తులు తీర్థంగా స్వీకరిస్తారు. ఒకనాడు బావుల మీద ఆధారపడిన ఈ గ్రామం నేడు పూర్తిగా నగరంలో కలిసిపోయింది. ఒకవైపు సనత్‌నగర్, బాలానగర్ పారిశ్రామికవాడలు, మరోవైపు పంజాగుట్ట వ్యాపార కూడళ్లు, మధ్యలో కళాశాలలు, శిక్షణ సంస్థలు. ఈ ప్రాంతమంతా హుస్సేన్‌సాగర్ పరీవాహక ప్రాంతంలోనిదే. కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్ నాలాలు ఈ చెరువులోకి నీటిని చేరుస్తాయి. నీటితోపాటు నగరం వదిలించుకోదలచిన వాటన్నింటినీ చేరుస్తాయి.

అలా వదిలించుకొనేవాటిలో సీసం ఒకటి. దేశంలో 2000 ఫిబ్రవరి నాటికి సీసం కలిపిన పెట్రోలు వాడకం ఆగిపోయింది. గృహ, అలంకరణ రంగులలో సీసం పదిలక్షల వంతులకు 90 వంతులు మించరాదన్న 2016 నాటి నియమం 2017 నవంబరు నుంచి అమలులోకి వచ్చింది. పీవీసీ పైపులలో సీసపు స్థిరీకారకాల మీద 2021లో ప్రత్యేక నియమాలు వెలువడ్డాయి. అయినా వాహనాల బ్యాటరీలు, పాత రంగుల పొరలు, టంకం, పాత పైపులు, ప్రయోగశాలల లవణాలు మిగిలే ఉన్నాయి. హుస్సేన్‌సాగర్ అడుగు బురదపై జరిగిన పరిశోధనలు జింక్, రాగి, క్రోమియంలతోపాటు సీసం కూడా పోగుపడి ఉన్నట్టు నమోదు చేశాయి.

సీసం ఉన్న నీటిని శుద్ధి చేయాలంటే మొదట తట్టే ఉపాయం సున్నం. విద్యార్థికి సోడియం హైడ్రాక్సైడ్. రెండింటి వెనుకా ఉన్న తర్కం ఒక్కటే: క్షారం పెరిగితే సీసం ఘనరూపంలో దిగిపోతుంది. ఎంత క్షారం, ఏ నీటిలో, ఏ ఘనపదార్థంగా అన్న ప్రశ్నలకు ఈ తర్కం జవాబు చెప్పదు. ఆ జవాబు హైడ్రాక్సో సంక్లిష్టాలలో ఉన్నది.

2. నీటిలో సీసపు అయాను:

ద్విసంయోజక సీసపు అయాను నీటిలో ఒంటరిగా ఉండదు. దాదాపు ఆరు నీటి అణువులు దాన్ని చుట్టి ఉంటాయి. అయితే ఆ చుట్టడం అన్ని దిక్కులా సమానంగా ఉండదు. సీసపు అయాను బాహ్యకక్ష్యలో, 6ఎస్ ఆర్బిటాల్‌లో, బంధంలో పాల్గొనని ఎలక్ట్రాన్ జంట ఒకటి మిగిలి ఉంటుంది. ఈ ఒంటరి జంట ఒక పక్క చోటును ఆక్రమించుకోవడంతో లైగాండ్లు రెండో పక్కకు ఒత్తిగిల్లుతాయి. కాల్షియం, స్ట్రాన్షియం వంటి ద్విసంయోజక అయానులలో ఈ అసమానత కనిపించదు. సీసపు సమన్వయ రసాయనంలోని వైచిత్రి చాలావరకు ఈ ఒక్క జంట నుంచే పుడుతుంది.

ధనావేశం గల అయాను తన చుట్టూ ఉన్న నీటి అణువుల నుంచి ఎలక్ట్రాన్ సాంద్రతను తన వైపు లాక్కుంటుంది. దాంతో ఆ నీటి అణువులలోని హైడ్రోజన్ ప్రోటాన్‌గా విడిపోవడం సులభమవుతుంది. ప్రోటాన్ వెళ్లిపోగా మిగిలిన నీటి అణువే హైడ్రాక్సైడ్ లైగాండ్. కాబట్టి ‘జలవిశ్లేషణ’ అన్నా ‘హైడ్రాక్సైడ్ సంక్లిష్టం ఏర్పడడం’ అన్నా జరిగే చర్య ఒక్కటే. లెక్క రాసే పద్ధతి మాత్రమే వేరు. సీసపు నైట్రేటును శుద్ధజలంలో కరిగిస్తే ద్రావణం కొద్దిగా ఆమ్లగుణం చూపడానికి కారణం ఇదే. కాల్షియం నైట్రేటు విషయంలో ఈ ప్రభావం గుర్తించదగినంత ఉండదు.

3. సంక్లిష్టాల మెట్లు:

విలీన ద్రావణంలో, అంటే లీటరుకు లక్షవ వంతు మోల్ లేదా అంతకంటే తక్కువ సీసం ఉన్నప్పుడు, ఒక్కొక్క సీసపు అయాను విడివిడిగానే ప్రోటాన్లను కోల్పోతుంది. మొదట ఏకహైడ్రాక్సో ధన అయాను, తరువాత ఆవేశం లేని ద్విహైడ్రాక్సో సంక్లిష్టం, చివరకు త్రిహైడ్రాక్సో ఋణ అయాను ఏర్పడతాయి. బేస్, మెస్మర్ 1976లో ప్రచురించిన ‘ది హైడ్రాలిసిస్ ఆఫ్ కేటయాన్స్’ గ్రంథంలోని స్థిరాంకాల ప్రకారం 25 డిగ్రీల సెల్సియస్ వద్ద, అయానిక బలం శూన్యంగా భావించినప్పుడు, ఈ మూడు మెట్లకు సంచిత స్థిరాంకాల ఋణ సంవర్గమానాలు వరుసగా 7.71, 17.12, 28.06. వీటిని ఒకదానిలోంచి ఒకటి తీసివేస్తే మెట్టుమెట్టు విలువలు సుమారుగా 7.7, 9.4, 10.9 అవుతాయి.

ఈ మూడు అంకెలను పీహెచ్ విలువలుగానే చదువుకోవచ్చు. పీహెచ్ 7.7 వద్ద స్వేచ్ఛా అయాను, ఏకహైడ్రాక్సో రూపం సమానంగా ఉంటాయి. 9.4 దగ్గర ఏకహైడ్రాక్సో రూపం ద్విహైడ్రాక్సో రూపానికి సమానమవుతుంది. 10.9 దాటితే త్రిహైడ్రాక్సో అయానుదే పైచేయి. ఇక్కడ ఆసక్తికరమైన విషయం మెట్ల మధ్య ఎడం తక్కువగా ఉండడం. మూడున్నర పీహెచ్ ప్రమాణాలలోపే ధనావేశం గల అయాను ఋణావేశం గల అయానుగా మారిపోతోంది. ఆవేశం లేని ద్విహైడ్రాక్సో రూపానికి మిగిలేది పీహెచ్ 9.4 నుంచి 10.9 వరకు ఉన్న ఇరుకైన పట్టీ మాత్రమే.

స్థిరాంకాల విషయంలో ఒక జాగ్రత్త అవసరం. అంతర్జాతీయ శుద్ధ, అనువర్తిత రసాయనశాస్త్ర సమాఖ్య 2009లో సీసం మీద వెలువరించిన సాంకేతిక నివేదిక మొదటి మెట్టుకు 7.46 విలువను సిఫారసు చేసింది. సంవర్గమానంలో పావు వంతు తేడా చిన్నదిగా కనిపిస్తుంది గాని, గాఢతలోకి మార్చితే అది దాదాపు 1.8 రెట్లు. పరిశోధన పత్రాలలో రెండు మూలాల స్థిరాంకాలను కలగలిపి వాడడం తరచుగా కనిపించే దోషం. మొదటి మెట్టును ఒక పట్టిక నుంచీ మూడో మెట్టును మరో పట్టిక నుంచీ తీసుకుంటే మధ్యలోని ద్విహైడ్రాక్సో రూపం ఉన్నదానికంటే పెద్దదిగానో చిన్నదిగానో కనిపిస్తుంది. ఈ వ్యాసంలోని హైడ్రాక్సైడ్ లెక్కలన్నీ 1976 నాటి స్థిరాంకాల మీదే ఆధారపడినవి.

4. గాఢత పెరిగినప్పుడు - బహుకేంద్ర సంక్లిష్టాలు:

సీసం గాఢత పెరిగితే పై చిత్రం మారుతుంది. ఒక సీసపు అయానుకు అంటుకున్న హైడ్రాక్సైడ్ పక్కనున్న మరో సీసపు అయానును కూడా పట్టుకొని వంతెనగా నిలుస్తుంది. స్వీడన్‌లో సిలేన్ నెలకొల్పిన పరిశోధన సంప్రదాయంలో పనిచేసిన ఓకె ఓలిన్ 1960లో పెర్‌క్లోరేట్ ద్రావణాలలో చేసిన కొలతలతో ఈ బహుకేంద్ర సంక్లిష్టాల చిత్రం స్పష్టమైంది. నాలుగు సీసాలు - నాలుగు హైడ్రాక్సైడ్లు, మూడు సీసాలు - నాలుగు హైడ్రాక్సైడ్లు, ఆరు సీసాలు - ఎనిమిది హైడ్రాక్సైడ్లు అన్నవి వీటిలో ప్రధానమైనవి. మొదటిదానిలో సీసాలు, హైడ్రాక్సైడ్లు ఒక ఘనపు మూలలలో ఒకటి విడిచి ఒకటిగా అమరి ఉంటాయి.

పెర్‌క్లోరేట్‌ను ఎంచుకోవడంలో ఔచిత్యం ఉన్నది. క్లోరైడ్, నైట్రేట్, ఎసిటేట్ అయానులు ఎంతో కొంత సీసంతో జతకడతాయి. పెర్‌క్లోరేట్ దాదాపు జతకట్టదు. సీసపు ఎసిటేటు ద్రావణంలో పీహెచ్ కొలిచి హైడ్రాక్సైడ్ స్థిరాంకాలు రాబట్టబోతే అందులో ఎసిటేటు పాలు కూడా దాగి ఉంటుంది.

ఈ బహుకేంద్ర రూపాలు తటస్థం నుంచి మధ్యస్థ క్షారం వరకే, అదీ సీసం గణనీయంగా ఉన్నప్పుడే ముఖ్యం. తాగునీటి స్థాయిలో వీటిని పక్కన పెట్టవచ్చు. బ్యాటరీ కర్మాగారపు వ్యర్థజలంలోనో ప్రయోగశాల పరీక్షనాళికలోనో పక్కన పెట్టడం కుదరదు.

5. తెల్లని అవక్షేపం ఏమిటి?

సీసపు నైట్రేటు ద్రావణానికి సోడియం హైడ్రాక్సైడ్‌ను చుక్కచుక్కగా కలిపితే తెల్లని అవక్షేపం వస్తుంది. ‘లెడ్ హైడ్రాక్సైడ్’ అని రికార్డు పుస్తకంలో రాయడం ఆనవాయితీ. ఒక సీసానికి రెండు హైడ్రాక్సైడ్లు గల ఆ సరళ సూత్రం కాగితం మీద ఉన్నంత నిశ్చయంగా సీసాలో కనిపించదు. స్ఫటికరూపంలో గుర్తించగలిగినది ఆరు సీసపు అయానులు, నాలుగు ఆక్సైడ్లు, నాలుగు హైడ్రాక్సైడ్లు గల ఆక్సైడ్-హైడ్రాక్సైడ్. అది కూడా కాలక్రమంలో, ముఖ్యంగా వేడిమిలోనూ గాఢ క్షారంలోనూ, నీటిని కోల్పోయి సీసపు మోనాక్సైడ్‌గా మారుతుంది. రసశాస్త్ర గ్రంథాలలో మృద్దారశృంగంగా ప్రసిద్ధమైన పదార్థం ఈ మోనాక్సైడే. దీనికి ఎరుపు, పసుపు అని రెండు స్ఫటికరూపాలు. మామూలు ఉష్ణోగ్రత వద్ద ఎర్రనిదే స్థిరమైనది.

అందుచేత ద్రావణీయత లెక్కకు మోనాక్సైడ్‌ను ఆధారంగా తీసుకోవడమే సమంజసం. ఎర్రని రూపం ఆమ్లంలో కరిగి స్వేచ్ఛా అయానును ఇచ్చే చర్యకు స్థిరాంకపు సంవర్గమానం సుమారు 12.7. దీనికి మూడు మెట్ల స్థిరాంకాలను జోడిస్తే ఒక్కొక్క రూపం గాఢత తెలుస్తుంది. పీహెచ్ ఒక ప్రమాణం పెరిగినప్పుడు స్వేచ్ఛా అయాను వందో వంతుకు, ఏకహైడ్రాక్సో రూపం పదో వంతుకు పడిపోతాయి. ద్విహైడ్రాక్సో రూపం మాత్రం పీహెచ్‌తో నిమిత్తం లేకుండా లీటరుకు సుమారు 0.00004 మోల్ వద్ద నిలిచిపోతుంది. త్రిహైడ్రాక్సో అయాను పది రెట్లు పెరుగుతుంది.

తగ్గేవాటినీ పెరిగేదాన్నీ నిలిచేదాన్నీ కలిపి గీస్తే వక్రం లోతైన గిన్నె ఆకారంలో వస్తుంది. దాని అడుగు పీహెచ్ 10కి కొంచెం పైన ఉంటుంది. ఆ అడుగున కూడా ద్రావణంలో మిగిలే సీసం లీటరుకు సుమారు 11 మిల్లీగ్రాములు. ద్విహైడ్రాక్సో సంక్లిష్టం నిలిచిపోయిన మట్టమే దీనికి ప్రధాన కారణం. ఎంత నేర్పుగా పీహెచ్ సవరించినా దానికంటే దిగువకు పోవడం హైడ్రాక్సైడ్‌తో మాత్రమే సాధ్యం కాదు. పర్యావరణ పరిరక్షణ నియమాల సాధారణ ప్రమాణం ప్రకారం ఉపరితల జలాలలోకి వదిలే వ్యర్థజలంలో సీసం లీటరుకు 0.1 మిల్లీగ్రాము మించరాదు. మురుగుకాలువలోకైతే 1 మిల్లీగ్రాము. తాగునీటికి భారతీయ ప్రమాణాల సంస్థ 2012లో నిర్దేశించిన హద్దు 0.01 మిల్లీగ్రాము. పాఠ్యపుస్తకపు అవక్షేపణకూ చట్టం కోరే స్థాయికీ మధ్య వంద రెట్లకు పైగా దూరం ఉన్నది.

గిన్నెకు రెండు అంచులూ ప్రమాదకరమే. ఎడమ అంచున, పీహెచ్ 9 వద్ద, ఏకకేంద్ర రూపాలను మాత్రమే లెక్కిస్తే లీటరుకు సుమారు 30 మిల్లీగ్రాములు కరిగి ఉండగలదు. బహుకేంద్ర సంక్లిష్టాలను కలిపితే ఆ హద్దు ఇంకా ఎన్నో రెట్లు పెరుగుతుంది. అంటే కార్బొనేట్ లేని నీటిలో లీటరుకు 20 మిల్లీగ్రాముల సీసం ఉంటే పీహెచ్ 9 దాకా క్షారం కలిపినా మోనాక్సైడ్ అవక్షేపం రావలసిన అవసరమే లేదు. కుడి అంచున సంతృప్త సున్నపుతేట పీహెచ్ సుమారు 12.4. అక్కడ లెక్క ప్రకారం లీటరుకు 200 మిల్లీగ్రాముల సీసం త్రిహైడ్రాక్సో అయానుగా కరిగి ఉండగలదు. సున్నం ఎక్కువైతే నష్టమేమీ లేదన్న ధోరణి సీసం విషయంలో నేరుగా తప్పు.

6. ప్లంబైట్ - పేరు ఒకటి, అయాను మరొకటి:

అధిక క్షారంలో తెల్లని అవక్షేపం కరిగిపోవడాన్ని సీసపు ద్విస్వభావానికి నిదర్శనంగా చెబుతారు. ఏర్పడే లవణాన్ని ‘సోడియం ప్లంబైట్’ అని, రెండు సోడియంలు, ఒక సీసం, రెండు ఆక్సిజన్లు గల సూత్రంతో రాస్తారు. నీటిని మినహాయించి రాసిన తూకపు సూత్రంగా అది చెల్లుతుంది. ద్రావణంలో అటువంటి అయాను ఉందనుకోవడం మాత్రం సరికాదు.

మరి ద్రావణంలో ఉన్నది మూడు హైడ్రాక్సైడ్ల అయానా, నాలుగు హైడ్రాక్సైడ్ల అయానా? కొన్ని స్థిరాంక పట్టికలలో నాలుగో మెట్టు కూడా కనిపిస్తుంది. జింక్‌కు నాలుగు హైడ్రాక్సైడ్ల సంక్లిష్టం సుపరిచితమే కాబట్టి సీసానికీ ఉండవచ్చునన్న ఊహ సహజం. ఈ ప్రశ్నను హంగరీకి చెందిన పాల్ సిపోష్, స్వీడన్‌కు చెందిన ఇంగ్మార్ పెర్సన్, వారి సహచరులు 2014లో ప్రచురించిన పరిశోధనలో నేరుగా ఎదుర్కొన్నారు. అత్యంత గాఢమైన సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణాలను ఎక్స్-కిరణ శోషణ, అతినీలలోహిత, రామన్ వర్ణపటాలతోనూ క్వాంటం రసాయన గణనలతోనూ పరిశీలించి, త్రిహైడ్రాక్సో అయానే ప్రధాన రూపమని, నాలుగో హైడ్రాక్సైడ్ చేరదని తేల్చారు. ఆ అయాను ఆకారం త్రికోణ పిరమిడ్. శిఖరాన సీసం, పీఠం మూలలలో మూడు ఆక్సిజన్లు. నాలుగో దిక్కున ఉన్నది ఒంటరి ఎలక్ట్రాన్ జంట. సీసం-ఆక్సిజన్ దూరం సుమారు 2.22 ఆంగ్‌స్ట్రామ్‌లు. నీటి అణువులు చుట్టిన అయానులో ఇదే దూరం సుమారు 2.54. బంధాలు సంఖ్యలో సగమైనా ఒక్కొక్కటి ఎంతో బిగుసుకున్నదని ఈ తేడా చెబుతుంది. నాలుగో హైడ్రాక్సైడ్ రావలసిన చోటును ఒంటరి జంట కాపు కాస్తున్నదన్నది సమంజసమైన వివరణ.

దీని వల్ల ఆచరణలో ఒక ఫలితం ఉన్నది. కరిగిన సీసం హైడ్రాక్సైడ్ గాఢతకు సరిగ్గా అనులోమానుపాతంలో ఉంటుంది. ఒక మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌లో కరగగల సీసం లీటరుకు దాదాపు 0.04 మోల్, అంటే సుమారు 8 గ్రాములు. ఆ ద్రావణాన్ని శుద్ధజలంతో వంద రెట్లు పలుచన చేస్తే పీహెచ్ 12 అవుతుంది. సీసం లీటరుకు 80 మిల్లీగ్రాములకు తగ్గుతుంది. ఆ పీహెచ్ వద్ద కరిగి ఉండగల హద్దు కూడా సరిగ్గా 80 మిల్లీగ్రాములే. పలుచన చేస్తే అవక్షేపం రాదు. సీసాన్ని దింపేది నీటి పరిమాణం కాదు. హైడ్రాక్సైడ్‌ను తటస్థం చేసే ఆమ్లమో, కార్బన్ డయాక్సైడో, బైకార్బొనేటో.

7. కార్బొనేట్ ప్రవేశం:

పై లెక్కలన్నీ కార్బన్ డయాక్సైడ్ సోకని ద్రావణాలకు చెందినవి. అటువంటి నీరు నైట్రోజన్ వాయువు నింపిన ప్రయోగపాత్రలో తప్ప బల్కంపేటలో గాని, మరే ఊళ్లో గాని దొరకదు. హైదరాబాదు నేల గ్రానైటు శిలామయం. ఆ శిలల పగుళ్లలో నిలిచే భూగర్భజలం సాధారణంగా కఠినజలం, స్వల్ప క్షారగుణం కలది, బైకార్బొనేట్ సమృద్ధిగా ఉన్నది. అటువంటి నీటిలో సీసం మోనాక్సైడ్‌గా కాక కార్బొనేట్‌గానో క్షార కార్బొనేట్‌గానో దిగుతుంది. రంగుల వ్యాపారంలో సఫేదా అన్న పేరుతో చలామణీ అయిన తెల్లసీసం ఈ క్షార కార్బొనేటే.

ఉదాహరణకు పీహెచ్ 8, బైకార్బొనేట్ లీటరుకు 5 మిల్లీమోల్‌లు గల నీటిని ఊహించవచ్చు. సీసపు కార్బొనేట్ ద్రావణీయతా లబ్ధం ప్రకారం స్వేచ్ఛా అయాను లీటరుకు ఒక మైక్రోగ్రాము కూడా ఉండదు. అంతటితో ఆగిపోతే నీరు సురక్షితమన్న భ్రమ కలుగుతుంది. కాని కరిగిన స్థితిలోనే ఒక సీసం, ఒక కార్బొనేట్ జతకూడి ఆవేశం లేని సంక్లిష్టంగా నిలుస్తాయి. దాని పాలే దాదాపు 37 మైక్రోగ్రాములు. ద్వికార్బొనేట్ సంక్లిష్టం మరో నాలుగు, ఏకహైడ్రాక్సో రూపం సుమారు రెండు మైక్రోగ్రాములు. మొత్తం 40 మైక్రోగ్రాములకు పైన, అంటే తాగునీటి హద్దుకు నాలుగు రెట్లు. హైడ్రాక్సైడ్ వ్యవస్థలో ద్విహైడ్రాక్సో రూపం చేసిన పనినే ఇక్కడ కార్బొనేట్ సంక్లిష్టం చేస్తున్నది. ఆవేశం లేని సంక్లిష్టాన్ని లెక్కలోంచి జారవిడవడమే రెండుచోట్లా దోషానికి మూలం.

సీసపు పైపులు ఇంకా నేలలో ఉన్న పాశ్చాత్య నగరాలలో పీహెచ్ సవరణతో సరిపెట్టక ఫాస్ఫేటును కలపడానికి కారణం ఇదే. సీసపు ఫాస్ఫేటు ద్రావణీయత కార్బొనేటు కంటే ఎంతో తక్కువ.

పీహెచ్ పెరుగుతూపోయే కొద్దీ కార్బొనేట్, హైడ్రాక్సైడ్ల మధ్య పోటీ మారుతుంది. 11 దాటిన తరువాత హైడ్రాక్సైడ్ సంక్లిష్టానిది పైచేయి అవుతూ వస్తుంది. గాఢ క్షారంలో కార్బొనేట్ అవక్షేపం కూడా నిలవదు. సున్నం వేసిన గోడ మీద క్రోమ్ పసుపు నిలవకపోవడం ఇదే రసాయనానికి మరో ముఖం: సీసపు క్రోమేటు క్షారం తాకిడికి నారింజరంగు క్షార క్రోమేటుగా మారుతుంది; సోడియం హైడ్రాక్సైడ్ మరింతైతే పూర్తిగా కరిగిపోతుంది.

8. శుద్ధి విధానాలలో ఈ జ్ఞానం:

బ్యాటరీల నుంచి సీసాన్ని తిరిగి రాబట్టే చోట వచ్చే వ్యర్థజలం సల్ఫ్యూరిక్ ఆమ్లమయం. దానికి సున్నం గాని, సోడా గాని కలుపుతారు. పైన చూసిన గిన్నె ఆకారాన్ని బట్టి సున్నంతో మాత్రమే పీహెచ్‌ను 12కు తోసేయడం కంటే సోడియం కార్బొనేటుతో 9, 10 మధ్య నిలపడం మేలని తేలిగ్గా గ్రహించవచ్చు. ఇనుపు లవణం కలిపి ఫెర్రిక్ హైడ్రాక్సైడ్ ఏర్పడనిస్తే ఫలితం ఇంకా మెరుగవుతుంది. ఆ హైడ్రాక్సైడ్ ఉపరితలం మీద సీసం గట్టిగా అధిశోషణ చెందుతుంది. సీసం ఉపరితలాన్ని పట్టుకోవడం మొదలుపెట్టేది జలవిశ్లేషణ మొదలయ్యే పీహెచ్‌కు కొంచెం ముందే; నీటి అణువుల పట్టు సడలి హైడ్రాక్సైడ్ చేరడమూ, ఉపరితలంలోని ఆక్సిజన్‌తో బంధం ఏర్పడడమూ ఒకే స్వభావం గల చర్యలు. మరీ అధిక క్షారంలో ఈ పట్టు కూడా తప్పుతుంది: అయాను ఋణావేశం పొందుతుంది, ఉపరితలమూ ఋణావేశం పొందుతుంది.

ఘనవ్యర్థాల విషయంలో చిక్కు మరింత సూక్ష్మం. నగరపు ప్రమాదకర వ్యర్థాలను దుండిగల్‌లోని నిర్వహణ కేంద్రానికి తరలిస్తారు. ఇటువంటి కేంద్రాలలో లోహపు వ్యర్థాలను సిమెంటు, సున్నం వంటివాటితో కలిపి గట్టిపరచడం ప్రపంచమంతటా ఉన్న పద్ధతి. సిమెంటు సూక్ష్మరంధ్రాలలోని నీటి పీహెచ్ 12.5 నుంచి 13.5 వరకు ఉంటుంది. కాడ్మియం, నికెల్ వంటి లోహాలకు అది అనుకూలం. సీసానికి అది గిన్నె కుడి అంచు. కాబట్టి గట్టిపరచిన దిమ్మ నుంచి సీసం ఎంత ఊరుతుందన్నది పరీక్షలో చివరకు తేలే పీహెచ్ మీద ఆధారపడుతుంది. ఎసిటిక్ ఆమ్లంతో చేసే ప్రామాణిక పరీక్షలో ఆమ్లం సిమెంటు క్షారాన్ని కొంత తటస్థం చేసి పీహెచ్‌ను గిన్నె అడుగుకు దింపితే దిమ్మ నెగ్గుతుంది. అదే దిమ్మను వట్టి నీటిలో నానబెడితే ఎక్కువ సీసం బయటికి రావచ్చు. ఆమ్లం కంటే నీరే ఎక్కువ లాగడం వింతగా తోచినా, త్రిహైడ్రాక్సో అయాను తెలిసినవారికి అందులో వింత లేదు. ఒకే పీహెచ్ వద్ద చేసిన పరీక్ష మీద ఆధారపడిన పరిశోధన పత్రాలను ఈ దృష్టితో తిరిగి చదవవలసిన అవసరం ఉన్నది.

9. ప్రయోగశాల తొట్టి నుంచి చెరువు దాకా:

ఇంటర్మీడియట్, డిగ్రీ ప్రయోగాలలో సీసం మొదటి గ్రూపు కేటయాను. హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో తెల్లని క్లోరైడ్, వేడినీటిలో కరగడం, పొటాషియం అయొడైడ్‌తో బంగారు రేకులు - ఈ వరుస తరాల విద్యార్థులకు కంఠస్థం. అవక్షేపం అధిక క్షారంలో కరగడాన్ని కూడా చాలాచోట్ల చేయించి చూపుతారు. ఆ పరీక్షనాళికను తొట్టిలో కడిగేసినప్పుడు పోయేది అవక్షేపం కాదు, కరిగిన సీసం. కుళాయి నీటితో ఎంత కడిగినా పలుచన వల్ల అది దిగదని పైన చూశాం; కుళాయి నీటిలోని బైకార్బొనేట్ వల్ల దిగుతుంది. అందువల్ల తొట్టి కింది వంపుపైపులోనో కాస్త దూరంలో మురుగుకాలువ గోడ మీదో అది క్షార కార్బొనేట్‌గా పేరుకుంటుంది. మరోనాడు ఆ దారినే ఆమ్లం పోస్తే తిరిగి కరుగుతుంది. పరిమాణం చిన్నదే కావచ్చు. వందలాది విద్యార్థులు, ఏటేటా, ఒకే తొట్టి అన్నప్పుడు చిన్నది కాదు. సీసపు వ్యర్థాన్ని విడిగా ఒక సీసాలో పోగుచేసి, సోడియం కార్బొనేటుతో దింపి, వడపోసిన మడ్డిని ప్రమాదకర వ్యర్థాల సేకరణకు అప్పగించడం ఏ కళాశాలకైనా అసాధ్యమైన పని కాదు.

నాలాలోకి చేరిన తరువాత సీసంలో అత్యధిక భాగం కరిగిన రూపంలో ఉండదు. మట్టిరేణువులను, ఇనుము, మాంగనీసు ఆక్సైడ్లను, సేంద్రియ పదార్థాన్ని పట్టుకొని హుస్సేన్‌సాగర్ దాకా ప్రయాణిస్తుంది. చెరువులో రెండు వేర్వేరు రసాయన ప్రపంచాలు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. పోషకాలు మితిమీరిన పైనీటిలో పగటిపూట నాచు కిరణజన్యసంయోగక్రియతో కార్బన్ డయాక్సైడ్‌ను లాగేసుకుంటుంది. మధ్యాహ్నానికి పీహెచ్ పెరుగుతుంది, రాత్రికి తగ్గుతుంది. ఈ రోజువారీ ఊపులో కరిగిన కొద్దిపాటి సీసం స్వేచ్ఛా అయాను నుంచి కార్బొనేట్, హైడ్రాక్సో రూపాలకూ తిరిగి వెనక్కీ మారుతూ ఉంటుంది. జలచరాల దేహంలోకి చేరడంలో స్వేచ్ఛా అయానుదే ప్రధాన పాత్ర గనుక, మొత్తం సీసం మారకపోయినా దాని హాని ఉదయానికీ సాయంత్రానికీ ఒకలా ఉండదు. ఉదయం పది గంటలకు సీసా నింపి, ఆమ్లం కలిపి, మొత్తం సీసం కొలిచి ముగించే నమూనా సేకరణలో ఈ కదలిక కనబడదు. నమూనా తీసిన చోటనే పీహెచ్, క్షారత, ఉష్ణోగ్రతలను నమోదు చేసి, ఒక భాగాన్ని అక్కడికక్కడే వడపోసి విడిగా ఆమ్లీకరిస్తే మాత్రమే రూపాల లెక్క సాధ్యమవుతుంది.

అడుగు బురదలో కథ వేరు. అక్కడ ఆక్సిజన్ లేదు. సల్ఫేటు సల్ఫైడ్‌గా మారుతుంది. సీసం తన సల్ఫైడ్‌గా బందీ అవుతుంది. పల్నాడు ప్రాంతంలోని అగ్నిగుండాల, బండలమోట్టు గనులలో డోలమైటు శిలల మధ్య దొరికిన సీసపు ఖనిజమూ సల్ఫైడే. ఆ స్థితిలో హైడ్రాక్సో సంక్లిష్టాలకు పెద్ద పాత్ర లేదు. వాటి పాత్ర మళ్లీ మొదలయ్యేది బురదను కదిలించినప్పుడు. హుస్సేన్‌సాగర్ పరీవాహక అభివృద్ధి పథకం జపాన్ రుణసహాయంతో 2006లో మొదలైంది. పూడికతీత అందులో ఒక భాగం. పైకి తీసిన బురద గాలి సోకి ఆక్సీకరణ చెందితే సల్ఫైడ్ సల్ఫేటుగా మారి ఆమ్లాన్ని విడుదల చేస్తుంది. ఆ ఆమ్లాన్ని తటస్థం చేసే కార్బొనేట్ బురదలోనే చాలినంత ఉన్నదా లేదా అన్నదాన్ని బట్టి సీసం కార్బొనేట్‌గా నిలుస్తుందో, అయానుగా జారిపోతుందో తేలుతుంది. చాలదని తేలిన చోట సున్నం కలపవలసి వస్తే, ఆ మోతాదును సంతృప్త సున్నపుతేట దాకా పోనీయకుండా పీహెచ్ 9, 10 మధ్య ఆపాలి.